రెండో పేరా

విజయవాడలో రాష్ట్ర లిఖిత సాంకేతిక సంస్థ అని ఒక ఆఫీసుంది. ప్రభుత్వంలో ఎవరు ఏం రాసినా ఆ సంస్థ తయారుచేసిన 'రాయసం' అనే సాఫ్ట్‌వేర్‌లోనే రాయాలి. ఉత్తర్వులైనా, సంజాయిషీలైనా, సెలవు చీటీలైనా అంతే. రాయసాన్ని పుట్టించినవాళ్ళు ఎప్పుడో రిటైరై వెళ్ళిపోయారు. ఇప్పుడు దాని ఆలనా పాలనా చూసేది కుముదిని ఒక్కతే. ఆవిడ హోదా సీనియర్ ప్రోగ్రామర్. సంస్థలో జూనియర్ ప్రోగ్రామర్ అంటూ ఎవరూ లేరు గనక, ఆవిడ ఎవరికి సీనియరో ఇంతవరకూ తేలలేదు.

కుముదినికి ఈ లోకంలో కావలసింది ఒకటే, బొబ్బిలికి బదిలీ. భర్త పైడిరాజు అక్కడ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఎనిమిదేళ్ళ కూతురు మైథిలి ఆయన దగ్గరే పెరుగుతోంది. సంస్థకి బొబ్బిలిలో ఒక శాఖ ఉంది. అందులో కుముదిని హోదాకి సరిపోయే కుర్చీ ఒకటి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, ఆదివారం సాయంత్రం మళ్ళీ రైలెక్కడం, ఇదీ ఆవిడ సంసారం. మీ అమ్మ ఏం చేస్తుందని బళ్ళో టీచరు అడిగితే మైథిలి "శనివారం వస్తుంది" అని చెప్పిందట. పైడిరాజు ఆ మాట ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. కుముదినికి నవ్వు రాలేదు. 

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ప్రభుత్వంలో రాతకి ఒక పద్ధతి ఉంది. ఉన్న సంగతి మొదటి పేరాలో రాస్తారు. రెండో పేరాలో ఏం చెయ్యాలో రాస్తారు. 'ఫలానా ఊళ్ళో వంతెన కూలినది' అన్నది మొదటి పేరా. 'కావున కట్టించవలెను' అన్నది రెండో పేరా. ఒక్క పేరాతో వచ్చిన కాగితం మీద 'గమనించడమైనది' అని రాసి కట్టలో కట్టేస్తారు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఈ పద్ధతిని ఇంతవరకూ ఎవరూ తప్పలేదు.

ఫిబ్రవరిలో కుముదిని రాయసంలో ఒక చిన్న లోపం కనిపెట్టింది. రాసుకునే పెద్ద జాగాలో కంట్రోల్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కితే మాట మొత్తం చెరిగిపోతుంది. పైన వెతుక్కోవడానికి ఉన్న చిన్న గడిలో అవే రెండూ నొక్కితే ఒక్క అక్షరమే చెరుగుతోంది. సరిచెయ్యడం పావుగంట పని. కాకపోతే అనుమతి లేకుండా రాయసంలో చుక్క కూడా కదపకూడదని నిబంధన. అందుకని డైరెక్టరు గారికి ఒక నోటు పెట్టింది. మొదటి పేరాలో లోపం రాసింది. రెండో పేరాలో 'సరిచేయుటకు అనుమతించగలరు' అని రాసి ఊరుకుంటే సరిపోయేది. ఆ రోజు శుక్రవారం, రైలుకింకా టైముంది, మనసు హుషారుగా ఉంది. 'ఒక కీ ఎక్కడ నొక్కినా ఒకే పని చేయడం అందరికీ సౌకర్యం' అని ఇంకో వాక్యం తగిలించింది. ఆ తర్వాత జరిగిన దానికంతటికీ ఆ వాక్యమే మూలం.

డైరెక్టరు కళాధరరావు గారు పాతికేళ్ళ సర్వీసులో ఏ నోటునీ రెండోసారి చదివి ఎరగరు. దీన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. సోమవారం పొద్దున్నే కుముదినిని పిలిపించారు.

"ఇది మీరు రాసిందేనా?"

"అవునండి. ఆ వెతుకుడు గడిలో..."

"గడి సంగతి పక్కన పెట్టండి. 'ఒక కీ ఎక్కడ నొక్కినా ఒకే పని.' ఇందులో ఎంత దార్శనికత ఉందో మీకు తెలుసునా?"

"పావుగంట పనండి."

"కాదమ్మా, ఇది పని కాదు. ఉద్యమం."

కీని సర్కారు తెలుగులో మీట అంటారు గనక, బుధవారానికల్లా మీటల ఏకరూపతా సాధికార సంఘం ఏర్పడింది. అధ్యక్షులు కళాధరరావు గారు. సభ్యులు భద్రతాధికారి, శిక్షణాధికారి, ఇంకా ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టే ఆర్థిక సలహాదారు. కుముదిని సభ్యురాలు కాదు. సాంకేతిక సహకారం నిమిత్తం తలుపు పక్క కుర్చీలో కూర్చోవచ్చునని ఉత్తర్వులో రాశారు.

మొదటి సమావేశంలో ఒక దారుణం బయటపడింది. రాసే పెద్ద జాగాకి ఉన్న సదుపాయాలేవీ మిగతా గళ్ళకి లేవు. అధ్యక్షులు దీన్ని తరతరాలుగా సాగుతున్న వివక్ష అన్నారు. పెద్ద జాగాలో అక్షరాన్ని బొద్దు చేసుకోవచ్చు, పాస్‌వర్డు గడిలో చేసుకోలేం. ఇది ఎంతవరకు న్యాయమని అడిగారు.

"పాస్‌వర్డు తెర మీద చుక్కలుగా కనిపిస్తుందండి," అంది కుముదిని. "చుక్కల్ని బొద్దు చేస్తే ఎవరికి ఉపయోగం?"

"ఉపయోగం వేరు, హక్కు వేరు," అన్నారు అధ్యక్షులు.

పాస్‌వర్డు గడిలో చుక్కలు బొద్దయ్యాయి. ఆ వారంలోనే వాటిని వంచి ఏటవాలుగా కూడా రాయగలిగారు. పెద్ద జాగాలో ప్రింటు తీసినట్టే వెతుకుడు గడిలోనూ ప్రింటు వచ్చింది. ఎవరైనా 'మంచినీరు' అని వెతకబోయి వేలు జారితే, పెద్ద కాగితం మధ్యన 'మంచినీరు' అన్న ఒక్క మాటతో ప్రింటు బయటికొచ్చేది. అలాంటి కాగితాలు కలెక్టరాఫీసుల్లో గుట్టలు పడ్డాయి. అవి ఎవరి ఆదేశాలో తెలియక కొన్నిచోట్ల వాటికి నంబర్లు వేసి అమలు చెయ్యడం మొదలుపెట్టారని వినికిడి.

రెండో సమావేశానికి ఎంటరు కీ వంతు వచ్చింది. అసలు చిక్కు ఇక్కడే వచ్చి పడింది. పాస్‌వర్డు గడిలో ఎంటరు నొక్కితే లోపలికి పంపుతుంది. వెతుకుడు గడిలో నొక్కితే వెతకడానికి పంపుతుంది. పేరు గడి, తేదీ గడి, పిన్‌కోడు గడి, అన్నిట్లోనూ ఎంటరంటే పంపడమే. రాసే పెద్ద జాగాలో మాత్రం ఎంటరు నొక్కితే లైను మారి కొత్త పేరా మొదలవుతుంది.

"ఒక మీట రెండు నాలుకలతో మాట్లాడుతోంది," అన్నారు అధ్యక్షులు. "దీన్ని మనం ఉపేక్షించరాదు."

"రెంటిలో ఏదో ఒకటే ఉంచాలంటే కొత్త లైనే ఉంచుదామా?" అన్నాడు శిక్షణాధికారి.

భద్రతాధికారి లేచి నిలబడ్డాడు. "అప్పుడు పాస్‌వర్డు గడిలో ఎంటరు నొక్కితే కొత్త లైను వస్తుంది. పొద్దున్న ఆఫీసుకొచ్చినవాడు సాయంత్రం దాకా లైన్లు మార్చుకుంటూ బయటే కూర్చుంటాడు."

విషయాన్ని ప్రజాస్వామ్యబద్ధంగా తేల్చాలని నిర్ణయించారు. గళ్ళన్నిటినీ లెక్కపెట్టి, ఎంటరు అంటే పంపడమనే గళ్ళు ఎన్ని, కొత్త లైననే గళ్ళు ఎన్ని అని చూశారు. రాసే పెద్ద జాగా తరఫున ఒక్కటే ఓటు పడింది. ఎదటి పక్షాన మిగతావన్నీ నిలిచాయి. మెజారిటీ తీర్పును పెద్ద జాగా శిరసావహించాలని తీర్మానించారు.

కుముదిని తలుపు పక్కనించి లేచింది. "అయ్యా, రాసే చోట ఎంటరు కొడితే రాసింది వెళ్ళిపోతుందండి. ఇక రెండో పేరా ఎలా రాస్తారు?"

"మొదటి పేరా బాగా రాస్తే రెండోదాని అవసరం పడదు," అన్నాడు శిక్షణాధికారి.

"పోనీ షిఫ్టు నొక్కి ఎంటరు కొడితే లైను మారేటట్టు పెడతానండి. చాలా చోట్ల అలాగే ఉంది."

అధ్యక్షులు ఆవిడ వంక జాలిగా చూశారు. "షిఫ్టు అంటే ఇంగ్లీషులో చిన్న అక్షరాన్ని పెద్దది చెయ్యడం. అన్ని గళ్ళలోనూ దాని అర్థం అదే. పెద్ద ఎంటరు, చిన్న ఎంటరు అని మీరెక్కడైనా చూశారా?"

చూడలేదని కుముదిని ఒప్పుకోవలసి వచ్చింది. అతికించే దారి కూడా అక్కడే మూసేశారు. చిన్న గళ్ళలో ఏది తెచ్చి అతికించినా ఒకే లైనుగా పడుతుంది కాబట్టి, పెద్ద జాగాలోనూ ఒకే లైనుగా పడాలన్నారు. పావుగంట పని కోసం నోటు పెట్టిన మనిషి, తన చేత్తోనే నాలుగు రోజులు కూర్చుని రాష్ట్రంలో రెండో పేరా లేకుండా చేసింది.

మార్చి నుంచి రాష్ట్రంలో పాలన ఒక్క పేరాలో సాగింది. అలవాటు చొప్పున అధికారులు మొదటి పేరా రాసి ఎంటరు కొట్టేవారు, కాగితం వెళ్ళిపోయేది. 'ఫలానా ఊళ్ళో వంతెన కూలినది' అన్న ఉత్తర్వు ఆ ఊరికి చేరేది. ఊళ్ళోవాళ్ళు చదువుకుని, నిజమేనని ఒప్పుకునేవారు. టైపిస్టులు కొన్నాళ్ళకి తంటాలు పడి అంతా ఒకే పేరాలో కుక్కడం నేర్చుకున్నారు. పై అధికారులు ఎప్పుడో గాని తమ చేత్తో టైపు చెయ్యరు గనక వాళ్ళు నేర్చుకోలేదు. ప్రభుత్వం సంగతులు చెప్తోంది, ఏం చెయ్యాలో చెప్పడం లేదు. ఈ మార్పు పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు.

జూన్‌లో బదిలీలు తెరిచారు. కుముదిని ఎదురుచూసిన రోజు వచ్చింది. నిబంధనలు చదివింది. దరఖాస్తు ఉద్యోగి స్వయంగా రాయసంలోనే రాయాలి. మొదటి పేరాలో ప్రస్తుత పరిస్థితి, రెండో పేరాలో కోరిక, కారణాలు ఉండాలి. రెండు పేరాలు లేని దరఖాస్తులు పరిశీలించబడవు.

కుముదిని అంతా ఒకే పేరాలో రాసి పంపింది. మర్నాడే తిరిగొచ్చింది. బదిలీల సెక్షన్ సూపరింటెండెంటు సత్యవాణి గారి దగ్గరికి వెళ్ళింది. సత్యవాణి మంచావిడ, మధ్యాహ్నం క్యారేజీలో కూర పక్కవాళ్ళకి పెట్టకుండా తినదు.

"రెండో పేరా లేదు కదమ్మా," అంది సత్యవాణి.

"రెండూ ఒకదాన్లోనే ఉన్నాయండి."

"ఉన్నాయి, చదివాను. మీ పాప సంగతి చదివి నాకే ఎలాగో అయిపోయింది. కానీ పేరా లేదు."

"పోనీ కాగితం మీద చేత్తో రాసిస్తాను."

"కాగితం మీద లైనెలా మారుస్తారు?"

"చెయ్యి కిందికి దించుతానండి."

"ఆ సౌకర్యం రాయసంలో ఉందా?"

"లేదండి."

"మరి ఏకరూపత ఏం కావాలి?" అంది సత్యవాణి. అడిగేటప్పుడు ఆవిడ ముఖంలో నిజమైన బాధే ఉంది.

కుముదిని రెండు పేరాలనీ రెండు దరఖాస్తులుగా పంపి చూసింది. మొదటిదానికి, 'మీరు విజయవాడలో పనిచేయుచున్నట్లు గమనించడమైనది' అని జవాబొచ్చింది. 'కావున నన్ను బొబ్బిలికి బదిలీ చేయగలరు' అన్న రెండోదాన్ని, 'కావున అనుటకు పూర్వ ప్రస్తావన లేనందున తిరస్కరించడమైనది' అని యంత్రమే వెనక్కి కొట్టింది. ఆ తిరస్కరించే యంత్రాన్ని మూడేళ్ళ కిందట రాసింది కూడా కుముదినే. చాలా బాగా పనిచేస్తోందని అప్పట్లో ప్రశంసాపత్రం ఇచ్చారు.

చివరికి డైరెక్టరు గారి గదికి వెళ్ళి నిలబడింది.

"అనుమతిస్తే పావుగంటలో ఎంటరు పాతపద్ధతికి తెచ్చేస్తానండి. నాకోసం కాకపోయినా, రాష్ట్రంలో బదిలీ దరఖాస్తు ఒక్కటి కూడా సరిగ్గా పడలేదు."

కళాధరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ ఆవేదన నాకు అర్థమైంది. సంఘం తీర్మానాన్ని సవరించాలంటే సవరణ తీర్మానం పెట్టాలి. సవరణ తీర్మానంలో మొదటి పేరా ఇప్పుడున్న తీర్మానం, రెండో పేరా సవరణ. రెండో పేరా రాయడం కుదిరిన రోజున తప్పకుండా పెడదాం."

చెప్పకుండా మార్చేద్దామా అని ఆవిడకి అనిపించకపోలేదు. మారిస్తే కనిపెట్టగలిగినవాళ్ళు ఆ సంస్థలో లేరు. కానీ మార్చిన మరుక్షణం రాష్ట్రమంతటా రెండో పేరాలు మొదలవుతాయి. అది దాచిపెట్టగలిగే నేరం కాదు. గడువు దాటిపోయింది. ఆ సాయంత్రం మైథిలి ఫోన్ చేసి, "అమ్మా, నీకు బదిలీ ఇచ్చేరా?" అని అడిగింది. వచ్చేసారి చూద్దామంది కుముదిని. వచ్చేసారంటే ఎన్నో శనివారమని అడిగింది ఆ పిల్ల. కుముదిని ఫోను పెట్టేసి, ఖాళీ అయిపోయిన ఆఫీసులో కూర్చుని కరువుతీరా ఏడ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు, ఆ వాక్యం రాసింది తనే.

సంఘం మాత్రం జోరుమీదుంది. రాయసంలో సంఘం కంటికి ఏకరూపం కానిదంటూ ఏమీ మిగల్లేదు గనక చూపు ఆఫీసు మీద పడింది. హాజరు యంత్రం దగ్గర ఆగింది. ఉద్యోగి ప్రధాన కార్యాలయంలో యంత్రం మీద వేలు పెడితే 'హాజరు' అని పడుతుంది. అదే వేలు శాఖా కార్యాలయంలో పెడితే 'పర్యటన' అని పడి, ఎవరు పంపారని అడుగుతుంది.

"ఒకే వేలు. రెండు అర్థాలు," అన్నారు అధ్యక్షులు, బాధగా తల ఆడిస్తూ. "ఒక వేలు ఎక్కడ నొక్కినా ఒకే పని."

తలుపు పక్క కుర్చీలోంచి కుముదిని నెమ్మదిగా లేచింది. "ఏ ఊళ్ళో నొక్కినా హాజరేనా అండి?"

"తేడా ఉండడానికి వీల్లేదు."

"మినిట్సులో రాయమంటారా?"

"రాయండి. బొద్దుగా రాయండి."

బొద్దుగానే రాసింది. ఈ మార్పు మాత్రం నాలుగు రోజులు పట్టలేదు, ఆ మధ్యాహ్నానికే చేసేసింది. శుక్రవారం ఎప్పటిలాగే రైలెక్కింది. ఆదివారం సాయంత్రం రైలు ఆవిడ లేకుండా వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున్న జడ అల్లుతుంటే మైథిలి వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూసింది.

"ఇవాళ శనివారమా?"

"కాదు. సోమవారం. కదలకు, పాపిడి వంకరపోతోంది."

బొబ్బిలి శాఖకి పెద్ద అప్పలస్వామి. కుముదిని వెళ్ళి హాజరు యంత్రం మీద వేలు పెట్టేసరికి ఆయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏటమ్మా, ఆర్డరేటైనా తెచ్చేరేటి?"

"వేలు పెట్టానండి. పచ్చలైటు వెలిగింది."

అప్పలస్వామి యంత్రం దగ్గరికి వంగి లైటు చూశాడు. "పచ్చలైటు ఎలిగిపోనాక ఇంకేటుంది, కూకోండి. ఆ కుర్చీకి దుమ్ము దులపాల, అంతే," అని చీపురు తెప్పించాడు.

విజయవాడలో ఆవిడ రోజూ హాజరుగానే ఉంది. రాయసం పని బొబ్బిలి కుర్చీలోంచీ అలాగే జరుగుతోంది. ఆగస్టులో ఒకనాడు కళాధరరావు గారి పాస్‌వర్డు చుక్కలు బొద్దుగా పడి సన్నం కాకపోవడంతో ఆయన మూడుసార్లు బెల్లు కొట్టి, ఎవరూ రాకపోయేసరికి కుముదిని సీటు దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఆవిడ సెల్‌కి ఫోన్ చేశారు.

"ఎక్కడున్నారండీ?"

"ఆఫీసులోనే ఉన్నానండి."

"నేను మీ సీటు ముందే నిలబడి ఉన్నాను."

"నేను బొబ్బిలి ఆఫీసులో ఉన్నానండి."

"బొబ్బిలా? ఎవరి ఆదేశం మీద?"

"ఏ ఊళ్ళో నొక్కినా ఒకటేనని మినిట్సులో ఉందండి. తేడా ఉండడానికి వీల్లేదని తమరే సెలవిచ్చారు."

కళాధరరావు గారికి ఒళ్ళు మండిపోయింది. తన సిద్ధాంతాన్ని ఎవరైనా కాదంటే ఆయన ఓర్చుకోగలరు. ఇలా పాటిస్తే ఎలా ఓర్చుకుంటారు? గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. విషయం రహస్యం గనక టైపిస్టుని పిలవలేదు. స్వయంగా రాయసం తెరిచి, కాగితం బదిలీల సెక్షన్‌కి, దాని నకలు సెక్రటరీ గారికి వెళ్ళేటట్టు పైన పేర్లు వేసి, రెండు వేళ్ళతో టైపు చేశారు. 'సీనియర్ ప్రోగ్రామరు శ్రీమతి కుముదిని ప్రస్తుతం బొబ్బిలి శాఖా కార్యాలయంలో విధులు నిర్వర్తించుచున్నారు.' అది మొదటి పేరా. రెండో పేరా ఆయన మనసులో మహా జోరుగా తయారై ఉంది. అందులో క్రమశిక్షణారాహిత్యం ఉంది, సంజాయిషీ ఉంది, తక్షణమే వెనక్కి రావడం ఉంది. పాత అలవాటు చొప్పున చూపుడువేలు ఎంటరు మీద పడింది.

మొదటి పేరా వెళ్ళిపోయింది.

ఆయన తెరని వేలితో తట్టి చూశారు. తర్వాత రెండో పేరా విడిగా రాసి పంపారు. అది 'కావున' అని మొదలైంది. పూర్వ ప్రస్తావన లేనందున తిరస్కరించడమైనదని రెప్పపాటులో తిరిగొచ్చింది. సంజాయిషీ అడుగుతూ ఒకే పేరాలో కుక్కి ఇంకోటి పంపారు. దాని మీద సత్యవాణి సెక్షన్‌లో 'గమనించడమైనది' అని రాసి కట్టలో కట్టేశారు.

మొదటి పేరా దగ్గర మాత్రం సత్యవాణి చాలాసేపు ఆగింది. సాక్షాత్తూ డైరెక్టరు గారే రాశారు, సెక్రటరీ గారికి నకలు వెళ్ళింది, రద్దు చెయ్యమని ఎక్కడా లేదు. కళ్ళు తుడుచుకుని, కుముదిని సర్వీసు పుస్తకంలో 'బొబ్బిలి' అని ఎక్కించి, ఆ మేరకు ఉత్తర్వు పంపింది. ఒకటే పేరా అది. అంతకంటే అవసరం కూడా లేకపోయింది.

ఉత్తర్వు వచ్చిన బుధవారం సాయంత్రం, అందరూ వెళ్ళిపోతుంటే కుముదిని దాన్ని ఇంకోసారి చదువుకుందామని రాయసంలో వెతుకుడు గడి తెరిచింది. ఎనిమిదేళ్ళ అలవాటు, వేళ్ళు వాటంతటవే 'విజయవాడ' అని కొట్టేశాయి. కంట్రోల్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కింది. ఒక్క అక్షరం చెరిగింది. ఫిబ్రవరిలో పెట్టిన నోటు ఇంకా సంఘం పరిశీలనలోనే ఉంది. గుమ్మంలో మైథిలి సంచీ తగిలించుకుని, ఇంటికి పోదాం రమ్మని కాలితో నేల తడుతోంది. కుముదిని ఒక్కొక్క అక్షరమే చెరుపుకుంటూ కూర్చుంది. అందుకోవలసిన రైలేమీ లేదు.